గంట ప్రయాణం



ఒక సహోదరి తమ పల్లె నుండి మాకు ఉత్తరం వ్రాశారు. వారి పాస్టరు గారు పదవీ విరమణ చేసి వచ్చే నెలలో వెళ్ళిపోతున్నారట. సంఘమంతా కలసి చందాలు వేసుకొని శాలువా కప్పి పంపాలని అనుకొంటున్నారట. "పదకొండేండ్లు మా మధ్య ఉన్నారు, మా పిల్లలందరికీ బాప్తిస్మమిచ్చినారు. శాలువా కాకుండా ఇంకేమి చేస్తే బాగుంటుందో మీ శీర్షికలో వ్రాయండి" అని అడిగారు.

సహోదరీ, మీ ఉత్తరం మా బల్ల మీద మూడు వారాలు ఉండిపోయింది. జవాబు తెలియక కాదు. ఆ జవాబు చెప్పడానికి మాకు ముఖం చెల్లక. ఎందుకో చెప్పుకొంటాము, ఓపికతో చదవండి.

మా ఇద్దరిలో ఒకరు మదనపల్లె దగ్గరి పల్లెలో పుట్టినవారు, మరొకరు పుంగనూరు అమ్మాయి. పెండ్లయిన కొత్తలో ఉద్యోగరీత్యా కుప్పంలో కాపురమున్నాము. ఈ మూడు ఊళ్ళలో ముగ్గురు అయ్యగార్లు మాకు దొరికారు. వారి పేర్లు ఇక్కడ వ్రాయడం లేదు. తమ ఇంటి సంగతులు అచ్చులో చూడడానికి వారి బిడ్డలు ఇష్టపడకపోవచ్చు. పౌలు మాత్రం రోమా సంఘానికి వ్రాసిన పత్రిక చివరి అధ్యాయంలో ఇరవైమందికి పైగా పేరుపేరున వందనాలు చెప్పాడు. రూఫు తల్లి తనకూ తల్లే అన్నాడు. ఆ పత్రికను చేతితో వ్రాసిపెట్టిన తెర్తియు పేరు కూడా అందులో ఉంది. ప్రసంగాలలో ఆ అధ్యాయాన్ని పేర్ల పట్టిక అని దాటేస్తుంటాము. ఈ మధ్య మేము దానినే ఎక్కువగా చదువుతున్నాము.

మా ప్రాంతానికి సువార్త ఎవరు తెచ్చారని అడిగితే మదనపల్లెలో పెద్దవాళ్ళు వెంటనే చేంబర్లేన్ దొరగారి పేరు చెప్తారు. అది న్యాయమే. అమెరికా రిఫార్మ్‌డ్ సంఘపు ఆర్కాటు మిషన్ తరఫున డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లె చేరి తెలుగు పని మొదలుపెట్టారు. ఆయన వైద్యుడు, బోధకుడు, తెలుగు నేర్చిన పండితుడు కూడా. తెలుగు బైబిలును సవరించే సంఘానికి చాలా ఏండ్లు అధ్యక్షులుగా ఉన్నారు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. వచ్చిన ఏడాదే ఆయన నైజాము రాజ్యం మీదుగా గోదావరి దాకా పన్నెండు వందల మైళ్ళ ప్రయాణం చేశారు. అడవిలో, వరద నీటి మధ్య, పులుల భయంతో రాత్రి గడపవలసి వచ్చినప్పుడు కట్టు తెగి కొట్టుకొని వచ్చిన పడవ ఒకటి దొరికి ప్రాణాలు దక్కిన సంగతిని 1896లో అచ్చయిన తన ఆంగ్ల పుస్తకంలో వ్రాసుకొన్నారు. చిన్నప్పుడు సండే స్కూలులో ఆ పులుల కథ అంటే మాకు ఎంత ఇష్టమో చెప్పలేము.

పెద్దయ్యాక మాకు వేరొక సంగతి తట్టింది. ఆ ప్రయాణంలో ఆయన వెంట నలుగురు స్వదేశీ సహాయకులు నడిచారు. అదే అడవి, అదే వరద, అవే పులులు. మనం తలచుకొనేది ఒక్కరిని, నడిచింది అయిదుగురు. దొరగారు మందులిచ్చి, బోధించి, ముందు ఊరికి సాగిపోతే, వెనుక ఆ ఊరి పిల్లలకు అక్షరాలు దిద్దించి, రాత్రిపూట దీపం పెట్టి ప్రార్థన జరిపించి, కలరా వచ్చినప్పుడు పాతిపెట్టినవారు ఉపదేశులు, వారి భార్యలు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మన అజరయ్య గారు లేచి, మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య స్నేహం కొరవడిందని దొరల ముఖం మీదనే చెప్పారు. రెండేండ్లకు ఆయనే దోర్నకల్ బిషప్పయ్యారు. దొరలు స్నేహం చూపారో లేదో ఆ చరిత్రను అటుంచుదాము. మనవాళ్ళమే మనవాళ్ళకు చూపామా అన్నది మా బాధ.

ఇక మదనపల్లె పిల్లవాని సంగతి.

పదేండ్ల వయసు. కోత పండుగ దినం. గుడి ముందర చెనిక్కాయల మూటలు, రాగులు, గుమ్మడికాయలు, రెండు కోళ్ళు, ఒక పొట్టేలుపిల్ల. వేలం పాట అయ్యాక లెక్క చూస్తే ఒక రూపాయి తక్కువ వచ్చింది. ఆ కాలంలో రూపాయి అంటే చిన్న మాట కాదు. కానుక సంచి దగ్గర చివరగా నిలబడినవాడు ఈ పిల్లవాడే. అయ్యగారు మంచివారే గాని కోపిష్ఠి. అందరి ఎదుట చెవి పట్టుకొని "దేవుని సొమ్ము తిన్నావా?" అన్నారు. తల్లి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. తండ్రి ఇంటికి తీసుకొనిపోయి కొట్టాడు.

బుధవారం నాడు సంచి ఉతకబోతే అడుగు కుట్టులో రూపాయి బిళ్ళ దొరికింది.

అయ్యగారు ఇంటికి వచ్చి తండ్రితో ఒక మాట చెప్పి పోవచ్చు. చాలామంది అంతే చేస్తారు. ఆయన అలా చేయలేదు. ఆదివారం ఆరాధనలో, ప్రసంగానికి ముందు, బలిపీఠం దిగి వచ్చి, చాప మీద కూర్చున్న పిల్లవాని ఎదుట మోకాళ్ళూనారు. "నాయనా, నీ మీద అబద్ధపు సాక్ష్యం పలికినాను. నన్ను క్షమించు" అన్నారు. గుడిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత నిశ్శబ్దం. పిల్లవానికి ఏమి చెప్పాలో తెలియక "సరే అయ్యగారూ" అన్నాడు. వెనుక ఎవరో నవ్వారు. అయ్యగారు లేచి, కండ్లు తుడుచుకొని, ప్రసంగం మొదలుపెట్టారు. ఆ దినం ఏ వాక్యం మీద ప్రసంగించారో పిల్లవానికి జ్ఞాపకం లేదు. పాపమంటే ఏమిటో, పశ్చాత్తాపమంటే ఏమిటో మాత్రం ఆ పొద్దు చూశాడు. తర్వాత ఎన్ని బైబిలు పుస్తకాలు చదివినా ఆ పాఠానికి కొత్తగా చేర్చుకొన్నది తక్కువ.

ఆ అయ్యగారే గురువారం గురువారం సైకిలు మీద ఆరోగ్యవరం వెళ్ళేవారు. క్షయ రోగుల కోసం మిషన్లన్నీ కలసి 1912లో మదనపల్లెలో మొదలుపెట్టి 1915లో అక్కడికి మార్చిన శానిటోరియం అది. డెన్మార్కు దేశస్థుడు ఫ్రిమోట్ మోలర్ డాక్టరు గారు మొదటి నుండి దానిని నడిపారు. మా చిన్నప్పటికి మంచి మందులు వచ్చాయి గాని జనంలో భయం పోలేదు. సొంత అన్నదమ్ములే గేటు బయట నిలబడి పండ్లు లోపలికి పంపించి పోయే రోజులు. అయ్యగారు మంచం పక్కన కూర్చొని వారికి ఉత్తరాలు వ్రాసిపెట్టేవారట. ఈ సంగతి ఆయన ఏనాడూ గుడిలో చెప్పలేదు. ఆయన పోయాక, సమాధి దగ్గరికి ఎక్కడెక్కడి నుండో వచ్చిన మనుష్యులు చెప్తే మాకు తెలిసింది. మాలో ఒకరు ఆ సమాధి దగ్గర నిలబడ్డారు. బ్రతికి ఉండగా ఆ రూపాయి సంగతి ఎత్తి "అయ్యగారూ, మీ వల్ల నేను నిలబడ్డాను" అని ఒక్కసారీ చెప్పలేదు.

పుంగనూరు సంగతి చిన్నది. అక్కడ అయ్యగారు అభిషేకం పొందిన గురువు కారు, ఉపదేశి. వారి ప్రసంగాలు ఎంత పొడవంటే ఆడవాళ్ళు పొయ్యి మీద సంగటి ఎసరు పెట్టి వచ్చామని గొణుక్కొనేవారు. ఏడవ తరగతి అయ్యాక మా పుంగనూరు అమ్మాయిని బడి మాన్పించాలని తండ్రి తీర్మానించాడు. ఇంట్లో ఆవులున్నాయి, చెల్లెళ్ళున్నారు. (ఆవులంటే పుంగనూరు పొట్టి ఆవులే. ఇప్పుడు వాటి కోసం లక్షలు పోస్తున్నారని వింటే మా నాయన నవ్వేవాడు.) అయ్యగారు వరుసగా మూడు రాత్రులు వచ్చి కుక్కి మంచం మీద కూర్చున్నారు. మొదటి రాత్రి వాన గురించి మాట్లాడారు. రెండవ రాత్రి చెనిక్కాయ ధర గురించి. మూడవ రాత్రి లేచి పోతూ పోతూ, "అన్నా, పాపను పంపించు. ఫీజు సంగతి నేను చూసుకొంటా" అన్నారు. చూసుకోవడానికి ఆయన దగ్గర ఏముంది? నెల జీతం, పిడికెడు బియ్యం కానుకలో వచ్చే భాగం. జూన్‌లో రేకు పెట్టె తన భుజాన పెట్టుకొని బస్సెక్కించి మదనపల్లె హాస్టలులో ఆయనే దించి వచ్చారు. ఆ ఏడాది అమ్మగారి చేతికి గాజులు లేవని పుంగనూరు అమ్మాయికి చాలా ఆలస్యంగా, తాను తల్లి అయ్యాక అర్థమయింది.

కుప్పం సంగతి వ్రాయాలంటే చెయ్యి ఆగుతున్నది.

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. ఒక వీధిలో తెలుగు, ఇంకొక వీధిలో తమిళం, సంతలో కన్నడం. అక్కడి అయ్యగారు తెలుగులో ప్రసంగించి, తమిళుల ఇంటికి పోతే వచ్చీరాని తమిళంలో ప్రార్థన చేసేవారు. 1982లో మా మొదటి బిడ్డ ఎనిమిది నెలల పాప జ్వరంతో మూడు దినాలలో పోయింది. ఊరికి కొత్త, బంధువులు దూరం. ఓదార్చడానికి వచ్చినవారు చెప్పవలసిన మాటలన్నీ చెప్పారు. ప్రభువు తన తోటకు పువ్వు కోసుకొన్నాడన్నారు. ఇంకా బిడ్డలు పుడతారులే అన్నారు. విశ్వాసం తక్కువై ఇలా జరిగిందేమో అని ఒకరు మెల్లగా అన్నారు. వారెవరో మేము మరచిపోలేదు గాని క్షమించాము.

అయ్యగారు ఏమీ అనలేదు. చిన్న పెట్టెను తన రెండు చేతులలో మోసుకొని సమాధుల తోట దాకా నడిచారు. తిరిగి వచ్చాక నేల మీద మా పక్కన కూర్చున్నారు. చాలాసేపటికి పుంగనూరు అమ్మాయి అడిగింది: "ఎందుకయ్యగారూ?" ఆయన తల వంచుకొని, "నాకు తెలియదమ్మా. నేను కూడా అడుగుతా ఉండాను" అన్నారు.

ఆ మాటే మమ్మల్ని కాపాడింది. ఆ దినం ఆయన ఏదైనా జవాబు చెప్పి ఉంటే, అది ఎంత మంచి జవాబైనా, మేము ఆ గడప దాటి మళ్ళీ గుడికి వెళ్ళేవాళ్ళం కాదని ఇద్దరమూ ఇప్పటికీ అనుకొంటాము. రెండు నెలలు వెళ్ళలేదు కూడా. ఎందుకు రాలేదని ఆయన ఒక్కనాడూ అడగలేదు. ఆదివారం మధ్యాహ్నం అమ్మగారు రాగి జావ చెంబుతో వచ్చేవారు. అయ్యగారు గుమ్మంలో నిలబడి, ఆ దినం గుడిలో పాడిన కీర్తనల నంబర్లు చెప్పి పోయేవారు. అంతే. నంబరు చెప్తే చాలు, పాట దానంతటదే లోపల మొదలయ్యేది. వద్దనుకొన్నా మొదలయ్యేది. తొమ్మిదవ వారం నాడు, "రేపటి నుండి గంట కొట్టే మనిషి లేడు నాయనా, నువ్వు కొడతావా?" అని మా మదనపల్లె వారిని అడిగారు. గంట కొట్టడానికి పోయినవాడు లోపలికి పోకుండా ఎలా ఉంటాడు?

మరుసటి ఏడు ఆయనకు బదిలీ అయింది. అప్పటికి మా తర్వాతి పిల్లలు పుట్టలేదు. ఆయన ఎరిగినది మా ఒక్క పాపనే.

ఇప్పుడు మా తప్పు. అయ్యగారు విరమణ పొందిన నాటికి సొంత ఇల్లు లేదు. గుడి పక్క ఇల్లు కొత్త అయ్యగారికి ఖాళీ చేసి ఇవ్వాలి, అది పద్ధతి. నలభై ఏండ్లు ఊరూరా తిరిగినవారు ఎక్కడ స్థలం కొంటారు? పుంగనూరులో ఒక సందులో రెండు గదులు అద్దెకు తీసుకొన్నారు. కొడుకు బెంగుళూరులో చిన్న ఉద్యోగం. మేము మదనపల్లెలో స్థిరపడ్డాము. మదనపల్లె నుండి పుంగనూరుకు బస్సులో గంట ప్రయాణం. ఏడాదికి ఒక క్రిస్మసు కార్డు పంపి, "తప్పక వస్తాము" అని దాని మీద వ్రాసేవాళ్ళం. చాలా కార్డుల మీద వ్రాశాము.

కిందటి అక్టోబరులో పోస్టుకార్డు వచ్చింది. అక్షరాలు అమ్మగారివి. అయ్యగారికి కన్ను ఆనడం లేదని, జ్ఞాపకం కూడా తగ్గుతున్నదని, ఈ ఏడు చలి ముందే వచ్చినట్టుందని, వీలైతే ఒకసారి రమ్మని. ఆ కార్డును బైబిలులో పెట్టుకొన్నాము. ఎక్కడ పెట్టామో చెప్తే మీరు నవ్వుతారు: తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయం దగ్గర. చెరసాలలో ముసలి పౌలు త్రోయలో కర్పు ఇంట విడిచి వచ్చిన అంగీని, పుస్తకాలను తెమ్మని అడిగి, చలికాలానికి ముందే రమ్మని తిమోతిని బ్రతిమాలుకొన్న అధ్యాయం. దాని మీద మేము ఈ శీర్షికలోనే ఒకసారి చక్కగా వ్రాసి ఉన్నాము. అయినా వెళ్ళలేదు. కోత పండుగ వచ్చింది, తర్వాత క్రిస్మసు, తర్వాత కొత్త సంవత్సరపు ఆరాధన, తర్వాత సంక్రాంతికి బస్సులలో రద్దీ. ఫిబ్రవరి రెండవ వారంలో వెళ్ళాము.

అయ్యగారు వాకిట్లో ఎండకు కుర్చీ వేసుకొని కూర్చున్నారు. భుజాల మీద జరీ శాలువా. అమ్మగారు మమ్మల్ని చూసి సంతోషంతో కాఫీకి లేచారు. ఆలస్యమైనందుకు ఒక్క మాట అనలేదు. శాలువా వైపు మేము చూడడం చూసి, "ఇట్లాంటివి పెట్టెలో తొమ్మిది ఉండాయమ్మా. ప్రతి ఊరోళ్ళూ కప్పి పంపించినారు. ఒక్కటీ చలికి ఆగదు" అని నవ్వారు.

"కుప్పం వాళ్ళు వచ్చినారు చూడండి" అని చెవి దగ్గర గట్టిగా చెప్పారు. ఆయన మా ముఖాలు వెదికారు. పోల్చుకోలేదు. "కుప్పమా" అన్నారు. ఇంకొంతసేపటికి పుంగనూరు అమ్మాయి చెయ్యి పట్టుకొని అడిగారు: "పాప బాగుండాదా?"

నలభై ఏండ్లుగా దాచుకొన్న కృతజ్ఞతలన్నీ దారి పొడుగునా బస్సులో అనుకొంటూ వచ్చాము, ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అని. ఒక్కటీ నోటికి రాలేదు. "బాగుంది అయ్యగారూ" అంది ఆమె. ఆయన ముఖం వెలిగింది. కండ్లు మూసుకొని మా పాప కోసం ప్రార్థన చేశారు. బాగా చదువుకోవాలని, తల్లిదండ్రులకు లోబడాలని, గుడికి మానకూడదని. మేము ఆమేన్ అన్నాము.

తిరుగు బస్సులో మాకిద్దరికీ మాట పట్టింపు వచ్చింది. నిజం చెప్పవలసిందని మాలో ఒకరు. నేను అబద్ధం చెప్పలేదే అని మరొకరు. ఆ వాదం నేటికీ తెగలేదు. ఆయనకు మేము చెప్పవలసిన వందనం చెప్పనే లేదు, ఇక చెప్పినా ఏ సంగతికి చెప్తున్నామో ఆయనకు తెలియదు. ఈ ఒక్కదాని మీద మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

అందుకే సహోదరీ, మీ అయ్యగారికి శాలువా తప్పక కప్పండి, ఫోటో తీయించండి. దానికి ముందు సంఘపెద్దలు ఇద్దరు వెళ్ళి, వచ్చే నెల నుండి వారు ఎక్కడ ఉంటారో, అద్దె ఎంతో, అమ్మగారి మందులకు ఎంతవుతుందో మర్యాదగా అడిగి తెలుసుకోండి. ఒక సంఘంలో ఈ సంగతి కమిటీ ముందు పెడితే "చూద్దాము" అన్న మాట మీద రెండేండ్లు గడిచాయి. ఏ సంఘమని వ్రాయము. మీ పిల్లలలో వ్రాయడం వచ్చినవాళ్ళ చేత ఒక్కొక్క ఉత్తరం వ్రాయించండి. మంచివారు, గొప్పవారు అని కాదు. ఫలానా దినం మా ఇంటికి వచ్చి ఫలానా మాట అన్నారు, అది మాకు జ్ఞాపకముంది అని. ఆయన చదవగలిగినప్పుడే ఇవ్వండి. ఆయన వెళ్ళే ఊరికి బస్సు ఎన్ని గంటలకుందో అడిగి క్యాలెండరు మీద వ్రాసుకోండి.

మేము మరుసటి శనివారమే మళ్ళీ వెళ్ళాము. మదనపల్లె సంతలో కురుబలు నేసిన గొర్రె బొచ్చు కంబళి ఒకటి కొన్నాము. నల్లది, బరువైనది, గుచ్చుకొనేది. చూపుకు ఏమీ బాగుండదు. అమ్మగారు జరీ శాలువా తీసి కంబళి కప్పారు. ఆ దినం ఆయనకు కుప్పం కూడా జ్ఞాపకం రాలేదు. అంచు వ్రేళ్ళతో తడిమి చూసి, "ఎంతయింది?" అని అడిగారు. చెప్పాము.

"ఎక్కువిచ్చినారు" అన్నారు.